బాత్‌రూమ్‌లో పగిలిన నేల

మూడేళ్లలో ఆవిడ తీసిన ఒక్క ఫొటో కూడా మాస్టారి గోడ ఎక్కలేదు. మాస్టారంటే శనివారం మధ్యాహ్నాలు తన పాత స్టూడియో మేడమీద పదకొండు మందికి రీలు కెమెరా నేర్పే పెద్దాయన. ఆయనకి రంగులు గిట్టవు, చెట్లూ పూలూ అసలే గిట్టవు. నలుపూ తెలుపూ, ఎండిన నేలా ఉంటే చాలు. అందుకని సెలవు దొరికితే పదకొండు మందీ పచ్చటి గడ్డిపోచ కనపడని చోటు వెతుక్కుంటూ ఎండలో పడి తిరిగేవాళ్లు. వాళ్లలో ఏడాదికి ఆరుగురి ఫొటోలు గోడకెక్కేవి. ఆవిడవి మాత్రం "శుభ్రంగా ఉన్నాయమ్మా" అనిపించుకుని వెనక్కొచ్చేవి, ఇల్లు తుడిచినదానికి చెప్పినట్టు.

ఈసారి ఎలాగైనా సరే అనుకుని, గంటన్నర దూరంలో ఎండిపోయిన సరస్సు ఉందని విని, మొగుణ్ణి బతిమాలి కారు తీయించింది. నెర్రెలు విచ్చిన నేల, పైన ఎండ. ఫొటో దారిలోనే కళ్లకి కట్టేసింది. తీరా వెళ్తే మందుకి కూడా ఒక్క నెర్రె లేదు. ఇస్త్రీ చేసిన దుప్పటిలా చదునుగా పడుంది నేల.

"స్థలం కొంటున్నామా?" అన్నాడాయన.

"మాట్లాడకుండా అటు వెళ్లి నిలబడండి, నేల ఎంత పెద్దదో తెలియాలి కదా, కొలతకి."

"మూడేళ్లుగా కొలతకే నిలబెడుతున్నావు. ఒక్కదాంట్లోనైనా మొహం కనపడిందా?"

జాలిపడి ఒకటి మొహం కనపడేలా తీసింది. మిగతా ముప్ఫై అయిదూ ఖాళీ నేలే.

రీలు కడగడం బాత్‌రూమ్‌లో. అన్ని నీళ్లూ ఒకే చల్లదనంలో ఉండాలని మాస్టారు వందసార్లు చెప్పారు. ఆవిడ పుస్తకంలో రాసుకుని కింద గీత కూడా గీసుకుంది. మందులన్నిట్లోనూ థర్మామీటరు ముంచి చూసింది. ఆఖరి కడుగుడుకి వచ్చేసరికి మాత్రం మనసు అప్పుడే గోడెక్కి కూర్చుంది. ఫొటోకి 'శూన్యం' అని పేరు పెట్టాలా, 'మౌనం' అని పెట్టాలా? పొద్దున స్నానం చేసి వెళ్లిన మొగుడు కుళాయి పిడిని వేడి వైపే వదిలేశాడు. వేళ్లు చురుక్కుమంటే గానీ ఆవిడకి తెలియలేదు.

ఫిల్ము మీది మెత్తటి పొర ఉబ్బి, ముడుచుకుని, రీలంతా సన్నటి నెర్రెలు. నేల పగిలింది, ఆకాశం పగిలింది, మొగుడి మొహమూ పగిలింది.

ఏడ్చి ఊరుకున్నా బాగుండేది. ఒకదాంట్లో ఆకాశాన్ని కత్తిరించేసి, నేల మాత్రం ప్రింటు వేసి చూసింది. చూసి, కాసేపు తనే నమ్మేసింది.

శనివారం మాస్టారు ఆ ప్రింటుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, చాలాసేపు చూశారు.

"ఇన్నాళ్లకి నీకు నేల కనపడిందమ్మా."

నిజం చెప్పడానికే నోరు తెరిచింది. బయటికొచ్చింది మాత్రం "థాంక్సండీ."

ఇక ఆయన ఆ నెర్రెల్లో దాహం ఎలా పాకుతోందో అందరికీ వేలుపెట్టి చూపించారు. ఖరీదైన కెమెరాలు మోసే పళ్ల డాక్టరు ఆవిడ పక్కకి జరిగాడు.

"అక్కా, లెన్సేంటి?"

"మామూలుదే."

అతను అదీ రాసుకున్నాడు. ప్రింటు గోడకెక్కింది. ఆవిడ ఆనందపడేలోపే మాస్టారు, "వచ్చే ఆదివారం అందరం అక్కడికే. వ్యాను మాట్లాడండి. ముందు సీట్లో అమ్మ కూర్చుని దారి చూపిస్తుంది" అన్నారు.

ఆ వారమంతా ఆవిడ పేపర్లో ఎండలు ఎలా ఉన్నాయో చూసింది. గట్టిగా కాస్తే ఆదివారానికి పగలకపోతుందా? లోకమంతా వాన కోరుకుంటుంటే ఈవిడ కరువు కోరుకుంది.

"జ్వరమని చెప్పెయ్" అన్నాడు మొగుడు.

"అబద్ధం చెప్పమంటారా!" అని కస్సుమంది.

ఆయన ఆవిడ మొహంకేసి చూశాడంతే.

శనివారం అందరూ కూర్చున్నాక ఆవిడ లేచి, మొగుడి ఫొటో బల్లమీద పెట్టింది.

"మాస్టారూ, అక్కడ నెర్రెల్లేవండి. మా బాత్‌రూమ్‌లో వచ్చాయి. వేడినీళ్లు."

పళ్ల డాక్టరు వంగి చూశాడు. "అయ్యో, బావగారికి నుదురు కూడా పగిలిందే!" ఎవరో కిసుక్కుమన్నారు.

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. "దాహం పాకుతోందన్నాను కదూ?"

"అన్నారండీ."

"గంటసేపు."

"గంటా పది నిమిషాలండీ" అంది, ఆ ఒక్కటీ చెప్పకుండా ఉండలేక.

ఆయన లేచి వెళ్లి, గోడ మీది ప్రింటు తీసి, దుమ్ము లేకపోయినా కండువాతో తుడిచి, ఆవిడ చేతిలో పెట్టారు. గోడమీద ఖాళీ నలుచదరం మిగిలింది.

"వ్యాను వద్దని చెప్పెయ్యనా సార్?" అన్నాడు డాక్టరు.

"ఎందుకు? రేపు పొద్దున ఆరింటికల్లా బయల్దేరాలి, ఎండ ముదరకముందే" అన్నారు మాస్టారు. ఆవిడ వైపు తిరక్కుండానే, "నువ్వు వెనక సీట్లో కూర్చోమ్మా" అన్నారు.

"అలాగేనండీ."

వెనక సీటంటే కుదుపులెక్కువ, కెమెరా ఒళ్లో పెట్టుకోవాలి అనుకుంటూ మెట్లు దిగింది. ఆ దారిలో గుంతలన్నీ ఆవిడకి తెలుసు.