పుస్తకంలోంచి వచ్చిన ఐదుగురు

పొద్దున్నే ఇల్లు ఊడ్చి, మిషన్‌కి నూనె వేసి, బడిపిల్లల చొక్కాలు కుట్టడం కోడలి పని. గుండీలకి కాజాలు కుట్టడం అత్తగారిది. మధ్యాహ్నం కోడలు పుస్తకం పైకి చదువుతుంది, అత్తగారు వింటుంది. ఏ పుస్తకం చదివినా అందులోవాళ్ళు వచ్చి, అది అయిపోయేదాకా ఆ ఇంట్లోనే మకాం. పక్కింటావిడ గొడవల్లా గుమ్మం ముందు చెప్పుల గురించే.

ఈసారి కాలేజీ నవల. నలుగురు డబ్బున్న పిల్లలు దిగారు. చావు గురించి, అందం గురించి గంటలు గంటలు మాట్లాడతారు. తాగిన కప్పు మాత్రం కడగరు, మంచం కిందకి తోసేస్తారు. వాళ్ళ వెనకే ఒక పేదపిల్ల, ఫీజు మాఫీ మీద చదివేది. కప్పులన్నీ ఏరుకొచ్చి కడిగేది అదే. ఆ నలుగురి చేతుల్లోనే ఆ పిల్ల చస్తుందని నవల మొదటి వాక్యంలోనే రాసి ఉంది.

"వీళ్ళని ఎప్పుడు వదిలిస్తావే? నా మంచమంతా వీళ్ళ కాళ్ళే," అంది అత్తగారు.

"ఒక్క అధ్యాయం ఉందత్తయ్యా. చదివితే పోతారు."

"మరి చదివి తగలెయ్యి."

"చదివితే ఈ పిల్ల పోతుంది."

అత్తగారు చాప తెచ్చుకుని కింద పడుకుంది.

కోడలు పుస్తకాన్ని గుడ్డపేలికల మూటలో దాచింది. ఆ నలుగురికీ చాకిరీ చేస్తూ నెలలు గడిచాయి. అత్తగారు పిల్లకి కాజాలు నేర్పింది. చెయ్యి కుదిరింది కూడా.

"ఇక్కడే ఉండిపోవే, వాళ్ళ వెనక ఎందుకు తిరుగుతావు?" అంది కోడలు.

"వాళ్ళు చెడ్డవాళ్ళు కాదక్కా. వాళ్ళకి ఏమీ తోచదు, అంతే," అంది పిల్ల, మంచం వైపే చూస్తూ.

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అనలేదు.

ఒకరోజు కోడలు చొక్కాలు ఇచ్చి తిరిగొచ్చేసరికి గుమ్మం ముందు అత్తగారి చెప్పులొక్కటే ఉన్నాయి. మంచం ఖాళీ. దాని మీద పుస్తకం, మూసి.

"ఎవరు చదివారు?"

"ఆ పిల్లే," అంది అత్తగారు. "తోచట్లేదని వాళ్ళే పుస్తకం వెతికి తీశారు. దాన్ని పిలిచి 'మా పక్కన కూర్చుని చదివి వినిపించు' అన్నారు. జరిగి చోటిచ్చారు."

"మీరు ఆపలేదా?"

"ఆపకేం. నీ చావుందే అందులో అన్నాను. 'తెలుసు అమ్మమ్మా, కానీ నన్ను పిలిచారు' అంది. లాక్కోబోతే నా చెయ్యి విదిలించేసింది."

కోడలు వంగి మంచం కింద కప్పులు తీసింది. ఐదున్నాయి. ఐదూ ఎంగిలివే.