నెట్టిన కారు

సత్తయ్య ఇనుప కడ్డీ ఒక కొసను కంప్రెసర్ బేరింగు మీద ఆనించి, రెండో కొసను కుడి చెవికి తాకించుకుని కళ్ళు మూసుకున్నాడు. ఉదయం ఆరుంబావు. పాశమైలారం ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టు మొదలై పావుగంటయింది. కడ్డీలోంచి చెవిలోకి సన్నటి మోత దిగింది. నిన్నటిదే, మొన్నటిదే. కళ్ళు తెరిచి, గోడ మీది పలకపై సుద్దముక్కతో టిక్కు పెట్టి, రెండో కంప్రెసర్ దగ్గరికి నడిచాడు.

పద్దెనిమిదేళ్ళుగా ఆయన రోజు ఇలాగే మొదలవుతోంది. అంతకు ముందు జొన్నచేను దగ్గర మొదలయ్యేది. ఫ్యాక్టరీల కోసం భూములు తీసుకున్నప్పుడు మూడెకరాలు పోయి, ఈ నౌకరీ వచ్చింది. సత్తయ్య పొట్టి మనిషి. తల పూర్తిగా తెల్లబడింది గానీ మీసం మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది, ఆ రహస్యం ఆయనకూ భార్య రాజవ్వకూ తప్ప ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. ఇనుము ఆనీ ఆనీ కుడి చెవి పక్కన చిన్న కాయ కాసింది. మనుషుల మాటలు సగం వినపడవు. యంత్రం లోపల ఏ మూల ఏ బేరింగు గుండు అరిగిందో మాత్రం ఆ చెవికి ఇట్టే తెలిసిపోతుంది.

వచ్చే నెల, అంటే రెండువేల నాలుగు మార్చి ఆఖరున, ఆయన రిటైరవుతాడు. చేతికొచ్చే ఫండు డబ్బుతో ఏం చెయ్యాలన్నది రాజవ్వ రెండేళ్ళ కిందే తేల్చేసింది. ఇస్నాపూర్‌లో ఇంటి పక్కన ఖాళీగా ఉన్న జాగాలో రెండు గదులు వేసి, ఒరిస్సా నుంచి, బీహారు నుంచి వచ్చే పనివాళ్ళకు కిరాయికి ఇవ్వాలి. అందుకోసం పోయిన దసరాకే బండెడు రాయి తోలించి పెట్టింది. సత్తయ్య కూడా సరేనన్నాడు. పదిహేను రోజుల కిందట నోటీసు బోర్డు మీద ఆ కాగితం అంటించకపోతే ఆ మాట మీదే ఉండేవాడు కూడా.

కంపెనీ పాత బెంజి కారు అమ్మకానికి ఉంది, స్టాఫులో ఎవరికైనా కావాలంటే ముందు వారికే అని ఆ కాగితంలో ఉంది. ధర లక్షా ముప్పై వేలు. చదివిన వాళ్ళందరూ నవ్వుకుని టీ తాగడానికి పోయారు. సత్తయ్య మాత్రం అద్దాలు తుడుచుకుని రెండోసారి చదివి, ఆఫీసుకు పోయి పేరు రాయించుకున్నాడు.

ఆ కారుకూ ఆయనకూ ఉన్న సంబంధం చిన్నది కాదు. ఎనభై ఆరులో ఫ్యాక్టరీ పెట్టిన పెద్దసారు దాన్ని బొంబాయి నుంచి తెప్పించాడు. తెల్లటిది, డీజిల్ది, గేర్లది, ముక్కు మీద చుక్క గుర్తు నిలబడి ఉండేది. ఇనుము అంటే ఇనుమే, రాళ్ళు నింపిన ఎడ్లబండంత బరువు. చలికాలం పొద్దున దానికి ఒక పట్టాన తెలివి వచ్చేది కాదు. అప్పుడు డ్రైవర్ బాలప్ప కంప్రెసర్ రూము గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టేవాడు. సత్తయ్య ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని పోయి డిక్కీకి భుజం ఆనించేవాడు. ఆ కారు ముందు భాగం ఎలా ఉంటుందో ఆయనకు అంతగా గుర్తుండదు. వెనక భాగంలో మాత్రం ఏ సొట్ట ఏ ఏడు పడిందో చెప్పగలడు. ఇంజను అందుకున్న క్షణాన నల్లటి పొగ ముఖం నిండా కొట్టి, కారు ముందుకు ఉరికేది. పెద్దసారు వెనక్కి తిరిగి చెయ్యెత్తేవాడు. ఆ చెయ్యి చూస్తే సత్తయ్యకు సంతోషంగా ఉండేది. ఎందుకు అంత సంతోషమో ఆయన ఎప్పుడూ ఆలోచించుకోలేదు. పెద్దసారు పోయి మూడేళ్ళయింది. కొడుకులు కొత్త కార్లలో వస్తారు, వాటిని ఎవరూ నెట్టనక్కర్లేదు.

అవునో కాదో చెప్పడానికి ఈ రోజే గడువు. పొద్దున అన్నం డబ్బా చేతికిస్తూ రాజవ్వ ఒకే మాట అంది. "కారు కొన్నవనుకో, ఇగ దాంట్లనే వండుకో, దాంట్లనే పండుకో. నా ఇంటికి రాకు."

షిఫ్టు దిగగానే సత్తయ్య ముఖం కడుక్కుని, మీసం సవరించుకుని ఆఫీసుకు పోయాడు. మేనేజరు రామలింగేశ్వరరావు తణుకు వైపు మనిషి. ఫ్యాక్టరీ పెట్టినప్పుడే వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నా, మజ్జిగలో ఆవకాయ మాత్రం ఇంకా ఊరినుంచే రావాలి.

"ఏమయ్యా సత్తయ్యా, ఏం తేల్చుకున్నావు? హైదరాబాదు నుంచి ఒక పార్టీ వచ్చేస్తున్నారు. పెళ్ళి ఊరేగింపులకి అద్దెకి తిప్పుకుంటారట. నువ్వు వద్దంటే వాళ్ళకిచ్చేస్తాను."

"జెర ఇంట్ల ఒకపారి సూపిచ్చుకొస్త సార్."

"సరే, బాలప్పని తీసుకెళ్ళు. ఐదింటికల్లా బండి ఇక్కడుండాలి."

బాలప్ప తలుపు తుడిచి, తాళం తిప్పి ఇంజను స్టార్టు చేశాడు. ఆశ్చర్యం, మొదటి తిప్పుకే అందుకుంది. అప్పటికే సత్తయ్య కారు వెనక్కి పోయి, రెండు చేతులూ డిక్కీ మీద ఆనించి, కాలు వెనక్కి వేసి నిలబడ్డాడు.

బాలప్ప అద్దంలో చూసి తల బయటికి పెట్టాడు. "సత్తన్నా, గక్కడేం చేస్తున్నవ్? ఇయ్యాల నువ్వే సేటువు. లోపలికొచ్చి కూసో."

సత్తయ్య సిగ్గుపడి చేతులు దులుపుకున్నాడు. వెనక సీట్లో కూర్చుంటే నడుము దాకా దిగిపోయాడు. తోలు వాసన, పాత సిగరెట్ల వాసన. బాలప్ప అద్దాలు ఎత్తాడు. కారు గేటు దాటి తారురోడ్డెక్కింది. సత్తయ్య ముందుకు వంగాడు, చెవి రిక్కించాడు, తల అటూ ఇటూ తిప్పాడు.

"బాలప్పా, ఇంజను బందయిందా ఏంది?"

"నడుస్తనే ఉందన్నా. గా అద్దాలేసుకుంటే లోపలికి ఏం వినరాదు. అందుకే గదా గంత ధర."

పద్దెనిమిదేళ్ళు తాను విన్న ఆ మోత లోపల కూర్చున్నవాడికి వినపడనే వినపడదని సత్తయ్యకు ఇప్పుడు తెలిసింది. ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించింది. అద్దం కిందికి దించి, తల బయట పెట్టి వింటూ కూర్చున్నాడు. ఇస్నాపూర్ చౌరస్తాలో ఇద్దరు ముగ్గురు ఆయన ముఖం చూసి, ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు.

కారు ఇంటి ముందు ఆగేసరికి సందు సందంతా బయటికి వచ్చింది. పక్కింటి కౌసల్యమ్మ బియ్యం చాట చేతిలోనే పట్టుకుని నిలబడింది. రాజవ్వ గడప మీద నిలబడి కారును ఒకసారి పైనుంచి కింది దాకా చూసింది. సత్తయ్యను ఒకసారి చూసింది. గిరుక్కున తిరిగి లోపలికి పోయింది. చీపురు తేవడానికి పోయిందని సత్తయ్య అనుకున్నాడు, సందులో వాళ్ళూ అదే అనుకున్నారు.

రాజవ్వ పసుపు, కుంకుమ పళ్ళెంతో బయటికి వచ్చింది. చెంబుతో నీళ్ళు తెచ్చి నాలుగు చక్రాల మీదా చల్లింది. ముక్కు మీది చుక్క గుర్తుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. కొబ్బరికాయ మూడుసార్లు తిప్పి, దిగిన బండిని చల్లగా చూడమని వీరభద్రుణ్ణి పైకే మొక్కుకుని, దసరాకు తోలించిన ఆ రాళ్ళ మీదే ఠక్కున కొట్టింది. ముక్కలు తీసి కౌసల్యమ్మ చాటలో కూడా వేసింది.

కారు ఇంకా కొనలేదన్న మాట సత్తయ్య గొంతులోనే ఉండిపోయింది. మొగుడు తన మాట కాదని కొనుక్కొచ్చాడనే ఆమె అనుకుంది. గదుల ఆశ అంతా మింగుకుని, వాకిట్లోకి వచ్చిన బండిని మాత్రం చిన్నబుచ్చలేదు. ఆమె చేతికంటిన పసుపు చూస్తుంటే సత్తయ్యకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆమె మీద ఇంత ప్రేమ ఎన్నడూ పుట్టలేదు.

"ఎక్కు వదినె, రుద్రారం దాక పోయొద్దాం," అన్నాడు బాలప్ప. ఆమె కొంగు బిగించుకుని ఎక్కింది. నిమ్మకాయలు చితికిన చప్పుడుకు సందంతా కేకలు వేసింది.

హైవే ఎక్కాక రాజవ్వ సీటు మీద చెయ్యి వేసి నొక్కి చూసింది. లేచి కూర్చుంది, మళ్ళీ దిగబడింది. పొద్దుటి కోపం ముఖంలో ఎక్కడా లేదు. చిన్నపిల్లలా కిటికీలోంచి లారీలను లెక్కపెడుతోంది. సత్తయ్య ఇక దాచలేకపోయాడు.

"ఓ రాజవ్వా, నేనింకా కొనలేదే. నీకు సూపిద్దామని తెచ్చిన."

ఆమె ఆయన వైపు తిరిగింది. "గట్లయితే నా కొబ్బరికాయ పాయె!" అని పకపకా నవ్వింది. బాలప్ప కూడా నవ్వాడు. నవ్వు తగ్గాక ఆమె మెల్లగా అంది. "కొందాం తీయయ్యా. గదులు ఇంకో ఏడాదికి ఏస్కుందాం. అన్నేండ్లు నెట్టినవ్. కూసొని తిరుగు జెర."

ఇప్పుడు ఇబ్బంది సత్తయ్యకు వచ్చింది. వద్దంటే పోట్లాడడానికి మాటలన్నీ సిద్ధం చేసుకుని వచ్చాడు. సరేనంటే ఏం చెయ్యాలో ఆలోచించుకోలేదు.

రుద్రారం దగ్గర వేపచెట్టు నీడన కారు ఆపించాడు. "ఇంజను బంద్ చెయ్యకు," అని దిగి బానెట్ ఎత్తించాడు. బాలప్ప దగ్గర పొడుగాటి స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని, దాని కొస ఇంజను మీద ఆనించి, పిడి చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. పక్కన లారీలు పోతున్నాయి, బస్సులు హారన్లు కొడుతున్నాయి. ఆయనకు అవేవీ వినపడలేదు. ముందు వైపు విన్నాడు, పక్కకు జరిగి విన్నాడు, మళ్ళీ ముందుకొచ్చి చాలాసేపు విన్నాడు. రాజవ్వ కిటికీలోంచి మొగుడి ముఖాన్నే చూస్తూ కూర్చుంది.

సత్తయ్య కళ్ళు తెరిచి బానెట్ నెమ్మదిగా మూశాడు. "బాలప్పా, ఇంజను లోపల గొలుసు వదులైంది గదా?"

బాలప్ప తల వంచుకున్నాడు. "అవునన్నా. ఏడాదాయె. నిన్ను మోసం చేసుడు నాతోని గాదు. ఆ సామాను బొంబాయి నుంచి రావాలె. దీన్ని సాకుడు మనసొంటోళ్ళ తరం గాదన్నా."

"నా లెక్కనే ఉన్నది. పైకి మీసం నలుపు, లోపల గొలుసు వదులు," అన్నాడు సత్తయ్య. మీసం సంగతి ఆయన నలుగురిలో ఒప్పుకున్నది అదే మొదటిసారి. తర్వాత భార్య వైపు తిరిగి అన్నాడు. "వద్దే. గదులే కడదాం. నేను దీని చప్పుడు మీద మనసు పడ్డ, లోపల కూసుంటె గదే వినరాలే. నువ్వు సరేనన్నవ్, గది చాలు నాకు."

రాజవ్వ సీట్లో పక్కకు జరిగింది. ఆయన కూర్చోగానే చెయ్యి పట్టుకుంది. బాలప్ప ఉన్నాడని గుర్తొచ్చి వదిలేసింది. ఐదు కావస్తోందని, ఇంటి దగ్గర ఆగకుండా నేరుగా ఫ్యాక్టరీకే పోనిమ్మని, నాలుగు అద్దాలూ దించమన్నాడు సత్తయ్య. గాలికి రాజవ్వ జుట్టంతా రేగింది.

ఫ్యాక్టరీ ఆవరణలో పసుపూ కుంకుమా పూసుకుని దిగిన కారును చూసి రామలింగేశ్వరరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏమిటయ్యా ఇది, పూజ కూడా చేయించేశావే! ఇప్పుడు వద్దంటావా?"

"వద్దు సార్. పూజ మా తరపున. కొత్తోళ్ళ తాన మంచిగుండాలె. లోపలి గొలుసు మార్పిచ్చుకోమని చెప్పండి."

హైదరాబాదు వాళ్ళు ఇద్దరు. గొలుసు సంగతి విని ధర కొంచెం తగ్గించుకున్నారు. బొట్టు తుడవద్దని, పెళ్ళిళ్ళకు తిరిగే బండికి అది శుభమేనని ముచ్చటపడ్డారు. బాలప్ప తాళం వాళ్ళ చేతిలో పెట్టాడు. ఖాళీ అయిన చేతిని ప్యాంటుకు తుడుచుకుని, రేపటినుంచి నేను స్టోర్సులో అని సత్తయ్యతో చెప్పి బస్సు కోసం వెళ్ళిపోయాడు. కారు గేటు దాటి పటాన్‌చెరు వైపు తిరిగింది. సత్తయ్య కళ్ళు మూసుకుని, ఆ మోత లారీల చప్పుళ్ళలో కలిసిపోయే దాకా విన్నాడు. చివరికంటా వినపడినందుకు తృప్తిగానే ఉంది, అయినా వెంటనే కళ్ళు తెరవలేదు.

"పోదాం పా," అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి చూస్తే రాజవ్వ కంకర మీద ఒక్కో అడుగే ఎంచి వేస్తోంది. ఆమె కాళ్ళకు ఏమీ లేవు.

"చెప్పులేవే?"

"ఇంటికాడ ఇడిచిన. గంత సాఫ్ బండి, పూజ చేసిన బండి, చెప్పులతోని ఎట్ల ఎక్కుతరయ్యా?" అంది రాజవ్వ, ఆయనకు ఆ మాత్రం తెలియనందుకు విసుక్కుంటూ.

సత్తయ్య తన కాళ్ళకున్న కంపెనీ బూట్ల వైపు చూసుకున్నాడు. ఆ బూట్లతోనే సాయంత్రమంతా కార్లో సేటులా కూర్చున్నాడు. నవ్వు ఆపుకోలేక గేటు పట్టుకుని నిలబడ్డాడు. రాజవ్వ ముందు తిట్టింది, తర్వాత తానూ నవ్వింది. గదుల తలుపులకు ఏ రంగు వెయ్యాలో గొడవపడుతూ ఇద్దరూ ఏడుగురు ఎక్కిన షేర్ ఆటోలో ఇరుక్కుని ఇల్లు చేరారు.

సందులో జనం ఎవరి పనుల్లోకి వాళ్ళు పోయారు. నీళ్ళు చల్లిన చోట మట్టి ఆరిపోయింది. కారు తలుపు తెరుచుకున్న చోట, రెండూ పక్కపక్కనే, కొసలు ఇంకా ఆ తలుపు వైపే తిరిగి, రాజవ్వ నీలం రబ్బరు చెప్పులు ఉన్నాయి.