స్టోరులో నాలుగు పిన్నులు

తుపాను వెలిసిన మూడో రోజు పొద్దున్నే రేవు గేటుకు నోటీసు అంటించారు. "డ్రైవరు నిర్లక్ష్యం వల్లే క్రేను సముద్రంలో పడింది" అని గుమాస్తా గట్టిగా చదివాడు. గోదాముల రేకులు లేచిపోయాయి, పడవలు రోడ్డు మీదికి కొట్టుకొచ్చాయి, మేమంతా మోకాలిలోతు బురదలో నిలబడి విన్నాం. చనిపోయిన డ్రైవరు మా బావ, మా చెల్లి మొగుడు. పక్కనే ఉన్న మా చెల్లి, "పిన్నులు పెట్టకుండా క్రేను వదిలే మనిషి కాదాయన" అంది. నేను నోరు విప్పలేదు. ఆ రేవు స్టోరు కీపర్ని నేనే.

తమ్ముళ్లూ, పోరాటం గురించి చెప్పమన్నారు. ముందు నా సిగ్గు గురించి చెప్పాలి.

గాలి ముదిరితే క్రేను దొర్లిపోకుండా పట్టాలకు బిగించే ఇనుప పిన్నులు నాలుగుంటాయి. అరిగిపోతాయని మేనేజరు వాటిని స్టోరులో పెట్టించాడు. తుపాను వచ్చిన మధ్యాహ్నం బావ తడిసి ముద్దయి నా కిటికీ దగ్గరికొచ్చాడు.

"బావా, పిన్నులియ్యి. గాలి ఆగేలా లేదు."

"మేనేజరు చీటీ తే బావా. చీటీ లేకుండా మేకు కూడా ఇవ్వనని తెలుసుగా!"

మేనేజరు చీటీ రాయలేదు. ఓడ ఖాళీ అయ్యేదాకా పని ఆగకూడదన్నాడు. పైనున్న కూలీలిద్దర్ని దించడానికి బావ మళ్లీ క్రేనెక్కాడు. వాళ్లు దిగారు. ఆయన దిగలేదు.

నోటీసు అంటించిన రోజు సాయంత్రం కప్పు లేని గోదాములో అందరం కూడాం.

"పోయినోడు ఎలాగూ పోయాడు. మన నోటిదగ్గర కూడు మనమే పోగొట్టుకోవడం ఎందుకు?" అన్నాడొకడు.

"రేపు నువ్వు పోయినా ఇదే కాగితం అంటిస్తారు" అన్నాడు ముఠామేస్త్రి. "కానీ వాడు పిన్నులు అడిగాడని సాక్ష్యం ఎవడు చెప్తాడు?"

నాకు తల కొట్టేసినట్టయింది. లేచాను.

"నన్నడిగాడు. నేనే ఇవ్వలేదు."

ఒకడు ఉమ్మేశాడు. ఇంకొకడు చొక్కా పట్టుకున్నాడు. నాకు నాలుగు తగిలిస్తే బాగుండుననిపించింది. మా చెల్లి మాత్రం "స్టోరు తాళం తియ్యి" అంది.

పిన్నులకు పూసిన గ్రీజు కూడా చెదరలేదు. ఆడామగా కలిసి వాటిని మోసుకెళ్లి, మిగిలిన ఒక్క క్రేనును పట్టాలకు బిగించేశారు. విచారణ జరిగేదాకా అది కదలదని పట్టాల మీదే కూర్చున్నారు. మేనేజరు పోలీసులతో వచ్చి, స్టోరులో దొంగతనం జరిగిందని నావైపు వేలు చూపించాడు. నా చొక్కా పట్టుకున్నవాడే ముందుగా వాళ్లకు అడ్డం నిలబడ్డాడు.

"మేమందరం తీశాం. అందర్నీ తీసుకెళ్లండి!"

"మా అన్నయ్యని వెళ్లనివ్వండి" అని చెల్లి అడ్డం నిలబడ్డవాళ్లతో అని, నావైపు తిరిగింది. "ఆయన పిన్నులడిగాడన్న మాట స్టేషన్లోనూ చెప్పాలి. మూడు రోజులు నోరు మూసుకున్నావు. ఇప్పుడైనా చెప్తావా అన్నయ్యా?"

"చెప్తానమ్మా" అన్నాను. తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాను.

నన్నెక్కించుకున్న పోలీసు వ్యాను కదిలేసరికి పక్క రేవు కూలీలు కూడా పని ఆపి గేటు దాటి వస్తున్నారు. మా చెల్లి కాస్త జరిగి, వాళ్లకు పట్టాల మీద చోటిచ్చింది.