రెండింటికి లేపమన్నాడు

మసి బట్టలు తాడు మీద ఆరేసి లోపలికి వచ్చేసరికి పొద్దున్న ఎనిమిదైంది. రాత్రంతా బాయిలర్ దగ్గర నిలబడి వచ్చిన మనిషి. కాళ్ళు లాగాలి, కళ్ళు మండాలి. అవేమీ లేవు. నాలుగు రోజులుగా లేవు. స్పానర్లన్నీ సైజు ప్రకారం పేర్చాడు. చెదరగొట్టి మళ్ళీ పేర్చాడు. నిన్న పగలంతా పెరటి గోడకు సున్నం వేశాడు. తలలో పది బాయిలర్లు ఒకేసారి కూత పెడుతున్నాయి. ఆ కూత హాయిగానూ ఉంది, అదే తంటా.

భార్యకు ఈ పొంగు తెలుసు. మూడేళ్ళ కింద ఇలాగే పొంగి, ఒక్కరోజులో ఇంటికి మూడు రంగులు వేసి, ఆనక నాలుగు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"మాత్ర వేసుకుంటున్నారా?" అంది, చెల్లెలితో కుట్టుపనికి బయలుదేరుతూ.

"వేసుకుంటున్నానులే."

అబద్ధం. అది వేసుకుంటే చదివింది తలకెక్కడం లేదని వారం కిందటే మానేశాడు. ఇప్పుడు ఎక్కింది దిగడం లేదు.

"మీ కళ్ళు చూస్తే అలా లేదు. సాయంత్రం దాకా కాస్త పడుకోండి, మీకు దణ్ణం పెడతా."

సాయంత్రం ఐదింటికి పరీక్ష. వేరే ఊళ్ళో పెట్టిన కొత్త యూనిట్లో బాయిలర్ ఇన్‌చార్జి పోస్టు, ఒక్కటే. నోటి పరీక్ష కాబట్టి ఏడో తరగతిలో బడి వదిలినవాడికి ఇదే మొదటి అవకాశం. వయసు చూస్తే ఆఖరిదీ ఇదే. అదే పోస్టుకు మూడింటికి తోడల్లుడికి పిలుపు.

తోడల్లుణ్ణి అందరూ మొద్దు అంటారు. మరదలూ అతనూ ఇదే ఇంట్లో ముందు గదిలో ఉంటారు. ఫ్యాక్టరీ ఒకటే, షిఫ్టూ ఒకటే. మొద్దు బస్సులో నిలబడి నిద్రపోతాడు. మంగలి కుర్చీలో నిద్రపోతాడు. పెళ్ళి ఫోటోలో కూడా కళ్ళు మూసుకునే ఉన్నాడు, అందులో ఫోటోగ్రాఫర్ తప్పేమీ లేదు.

"అన్నయ్యా, రెండింటికి లేపవా?" అన్నాడు మొద్దు, చాప మీద వాలుతూ. "నువ్వెలాగూ మెలకువగానే ఉంటావుగా."

"ఏం, నేను పడుకోకూడదా?"

"పడుకో, పడుకో! నువ్వు పడుకుంటే వదిన నాకు కొత్త చొక్కా కొనిపెడుతుంది."

నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఉండగానే గురకైంది.

అతను మాత్రం లోపలి గదిలో పడుకున్నాడు, లేచాడు, పడుకున్నాడు. ప్రశ్నలు వాటంతటవే వస్తున్నాయి, జవాబులు వాటిని తొక్కుకుంటూ వస్తున్నాయి. నిద్ర సుఖమెరగదంటారు. ఆ మాటన్నవాడు కడుపునిండా నిద్రపోయి లేచి అనుంటాడు.

గోడ గడియారం పన్నెండు కొట్టగానే వచ్చి మొద్దు పక్కన గొంతుక్కూర్చున్నాడు. నోరు తెరుచుకుని ఉంది. పెదవి చివర చొంగ. పొట్ట నింపాదిగా లేస్తోంది, దిగుతోంది. ఎవడబ్బ సొమ్మని ఇంత నిద్ర? ఒకడి మేడ చూసో, ఒకడి జీతం చూసో కుళ్ళుకుంటే నలుగురికీ చెప్పుకోవచ్చు. చొంగ చూసి కుళ్ళుకుంటున్నానని ఎవరితో చెప్పుకోవాలి?

రెండింటికి ఫ్యాక్టరీ కూత వినిపించింది. మొద్దు కదల్లేదు. భుజం తట్టబోయి చెయ్యి ఆపాడు. నిద్రా వీడికే, పోస్టూ వీడికేనా? చప్పుడు కాకుండా లోపలికి పోయి, తలుపు దగ్గరగా వేసి, కళ్ళు మూసుకుని పడుకున్నాడు.

రెండున్నర దాటాక ముందు గదిలో "అమ్మో!" అని వినిపించింది. గబగబా నీళ్ళు, బట్టలు. తలుపు వేలెడంత తెరుచుకుంది. అతను ఊపిరి నిదానంగా తీశాడు.

"హమ్మయ్య," అన్నాడు మొద్దు, గుసగుసగా. "పడుకున్నాడు."

తలుపు మళ్ళీ మూసుకుంది. ఆ తర్వాత అడుగుల చప్పుడు కూడా లేదు.

ఐదింటికి ఇంజనీరు మొదటి ప్రశ్న వేశాడు. "బాయిలర్ గేజీ గ్లాసులో నీటి మట్టం కనపడకపోతే ముందు ఏం చేస్తావు పెద్దాయనా?"

"మంట ఆర్పుతాను సార్, లోపలికి చన్నీళ్ళు వదలను," అన్నాడు. అక్కడ ఆగితే సరిపోయేది. ఆగలేదు. అసలు మంటే అక్కర్లేని బాయిలర్ గురించి చెప్పాడు, దాని బొమ్మ బల్ల మీద వేలితో గీశాడు, లేచి నిలబడి గీశాడు. ఇంజనీరు ఫైలు మూసి, అతని కళ్ళలోకి కాసేపు చూశాడు.

"నువ్వు ముందు ఇంటికెళ్ళి పడుకో, పెద్దాయనా."

"నాకంటే ముందొచ్చినవాడు సార్?"

"మూడు ప్రశ్నలకీ మూడు ముక్కల్లో చెప్పాడు. అక్కడ మనిషి లేక పని ఆగిపోయింది. నాలుగున్నర జీపులోనే పంపించేశాం. నువ్వు ఇంకా బాగా చెబితే వెనక్కి పిలిపిద్దామనుకున్నాం."

ఇంటికి వచ్చాడు. ముందు గదిలో చాప అలాగే పరిచి ఉంది. దాని మీద కూలబడి గోడకు ఆనుకున్నాడు. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందనిపించి తలెత్తి చూశాడు. గంటగంటకీ మోగే గోడ గడియారం, మూడింటికి పది నిమిషాల ముందు ఆగిపోయి ఉంది. కింద గూట్లో, దొర్లి చప్పుడు చేయకుండా చేతిరుమాలు మడతలో పెట్టిన దాని రెండు బ్యాటరీలు.