జానెడు పొడుగు కొవ్వొత్తి

యాత్రికులు రైలుగేటు దాటకముందే పెద్దగుడి వాళ్ళకు ఎదురొస్తుంది. గేటు వేసి ఉంది కాబట్టి పట్టాలకు అవతలి పక్కన, మెట్లను కుచ్చిళ్ళలా కాస్త పైకెత్తి పట్టుకుని, గూడ్సుబండి పోయేదాకా ఓపిగ్గా నిలబడుతుంది.

గుడి బోర్డు మీద కథీడ్రల్ అని రాసి ఉంటుంది. పల్నాటి పల్లెల నుంచి మరియమాత పండక్కి నడిచొచ్చేవాళ్ళు మాత్రం పెద్దగుడి అనే అంటారు. దొరల కాలంలో కట్టిన రాతిగుడి, బాగా పెద్ద వయసు. అంతటిది గేటుదాకా నడిచొచ్చిందంటే మర్యాద తెలిసిన గుడి అనుకోవాలి, ఇంకేం అనుకుంటాం.

"పోన్లే, మనకు నాలుగడుగులు తగ్గినాయి," అంటుంది తెరేజమ్మ, పట్టాల పక్కన చతికిలబడి కాళ్ళు పిసుక్కుంటూ.

పక్కన ఇన్నాసమ్మ నిలబడే ఉంది. ఆమెకు ఆ నాలుగడుగులు తగ్గడం ఇష్టం లేదు. ఇంకో నాలుగూళ్ళు చుట్టి రమ్మన్నా సంతోషంగా చుట్టి వచ్చేది.

అందరి భుజాల మీదా నిలువెత్తు కొవ్వొత్తులున్నాయి. దోవపొడుగునా ఎండకు అన్నీ మెత్తబడి వంగిపోయాయి. తెరేజమ్మ కొవ్వొత్తి ఆమె మెడ చుట్టూ కండువాలా తిరిగి కూర్చుంది. ఇన్నాసమ్మది మాత్రం బయల్దేరిన నాడు ఎట్లా ఉందో అట్లాగే, పాక నిట్రాడులా నిటారుగా ఉంది.

"నీ కొవ్వొత్తికి పొగరెక్కువే వదినా. అచ్చం మా అన్న మాదిరే," అంటుంది తెరేజమ్మ. వరసకు ఆమె ఆడపడుచు, ఆ మాట అనే హక్కు ఆమెకుంది.

ఆ అన్న పేరు బాలశౌరి, ఇన్నాసమ్మ మొగుడు. తాడిచెట్టంత మనిషి. ఎంతటివాడి ముందూ తల వంచి ఎరగడు. వంచితే గించితే తన ఇంటి ద్వారబంధం ముందే వంచాలి, అది అంత పొట్టిది. అక్కడ కూడా సగం రోజులు మరిచిపోయి నుదురు కొట్టుకునేవాడు. ఆయన పోయి ఏడాది కావస్తోంది.

వాళ్ళ వైపు ఒక ఆచారం ఉంది. మంచాన పడ్డ మనిషిని కాలి బొటనవేలి నుంచి నడినెత్తి దాకా నూలుదారంతో కొలుస్తారు. ఆ దారాన్ని మరియమాత పటం వెనక దాస్తారు. మనిషి లేచి తిరిగితే, అదే దారాన్ని వత్తిగా పెట్టి మైనం పోయించి, పండగనాడు పెద్దగుడిలో నిలబెట్టి వెలిగిస్తారు. కిందటేడు ఇన్నాసమ్మకు విషజ్వరం వస్తే బాలశౌరి దారం కొలిచి మొక్కుకున్నాడు. ఆమె లేచింది. పథ్యం తిని, పెరట్లో నాలుగడుగులు కూడా వేసింది. ఆ వారంలోనే బాలశౌరి మిరపచేలో కూలబడి మళ్ళీ లేవలేదు. మొక్కు మొక్కుగానే ఉండిపోయింది.

మొక్కు తీర్చకుండా పోయినవాడు గుమ్మం వదిలి కదల్లేడంటారు. అనడం ఏముంది, ఇన్నాసమ్మ కళ్ళారా చూస్తూనే ఉంది. ఆయన పోయిన దగ్గర్నుంచి ఆమె ఇంట్లోకి వెలుతురు రావడం మానేసింది. తలుపు బార్లా తీసినా, మిట్టమధ్యాహ్నమైనా, ఎవరో పొడుగాటి మనిషి అడ్డం నిలబడ్డట్టు ఎండ గుమ్మం బయటే ఆగిపోతుంది. ఆమె చీకట్లోనే బియ్యం ఏరుకుంటుంది, చీకట్లోనే అన్నం తింటుంది. మొక్కు తీరిస్తే ఆయన వెళ్ళిపోతాడు, ఇంట్లోకి వెలుతురొస్తుంది. తీర్చకపోతే పాపం. ఇన్నాసమ్మకు పాపమంటే భయమే కానీ, ఆ వెలుతురంటే అంతకంటే భయం. ఆ వెలుతురులో ఆమె ఒక్కతే ఉంటుంది.

గూడ్సుబండి పోతుంది. గేటు లేస్తుంది. పెద్దగుడి మెట్లు దించుతుంది.

అందరూ మెట్ల దగ్గర చెప్పులు విప్పుతారు. యాత్రికుల కంటే ముందు చెప్పులే లోపలికి పోయి, మొక్కు చెప్పుకుని, బయటికొచ్చి ఎవరి జత వాళ్ళదిగా సర్దుకుంటాయి. దాన్ని ఎవరూ తప్పు పట్టరు, నడిచింది అవే కదా.

లోపల ఇన్నాసమ్మ ఒక అడుగు వేస్తే బలిపీఠం రెండడుగులు వెనక్కి జరుగుతుంది. తెరేజమ్మకు అట్లా జరగదు. ఆమె గబగబా పోయి, మెడలోంచి కొవ్వొత్తి విప్పి నిలబెట్టి, కొడుకు కామెర్లు తగ్గినందుకు వెలిగించి, కళ్ళొత్తుకుని తిరిగి కూడా వచ్చేస్తుంది.

"ఇంకా ఈడే ఉన్నావేంది వదినా?"

"నడుస్తానే ఉన్నా."

"తొందరగా కానీ. మళ్ళా మనూరికి లారీ దొరకదు."

"మీరు పొండి. నాకోసం ఆగమాకండి."

వాళ్ళు ఆగరు. ఆగొద్దంటే నిజంగానే వెళ్ళిపోతారు మనుషులు. పక్కన మొగుడున్న ఆడదైతే ఇంకోసారి అడిగేవాళ్ళు, బాలశౌరి ఉన్న రోజుల్లో అట్లాగే అడిగేవాళ్ళు. ఇన్నాసమ్మకు ఈ సంగతి ఏడాదిగా తెలుసు, అయినా ప్రతిసారీ వెనక్కి తిరిగి చూస్తుంది.

ఆమె నడుస్తూ ఉంటుంది. బెంచీలు వస్తూనే ఉంటాయి. ప్రతి బెంచీ ఇద్దరు కూర్చున్నంత మేర నున్నగా అరిగి ఉంది, ఒక్కళ్ళు కూర్చున్న చోటు ఎక్కడా లేదు. రంగు అద్దాల కిటికీల్లోని పునీతులు ఎండకు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు.

"బయట ఎండ తగ్గిందా తల్లీ?" అని అడుగుతాడు ఒక పునీతుడు.

"లేదయ్యా."

"సరే," అని ఆయన రెండో చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు.

పాటలు పాడేవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. పాట మాత్రం కాసేపు పైకప్పు దగ్గర అటూ ఇటూ తిరిగి, కింద ఎవరూ లేరని చూసుకుని, తనూ దిగి తలుపులోంచి బయటికి పోతుంది. ఇన్నాసమ్మ దానికి దోవ ఇస్తుంది. ఆ తరవాత ఆమె అడుగుల చప్పుడు ఒక్కటే ఉంటుంది, అది కూడా కాస్త వెనకపడి వస్తుంది.

ఎప్పటికో దీపాలు నిలబెట్టే చోటు వస్తుంది. అక్కడ కొలతలాయన ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. మొక్కు కొవ్వొత్తిని మనిషితో సరిచూసి గాని లోపలికి తీసుకోడు, అదే ఆయన పని. చేతిలో కొలబద్ద లేదు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. కళ్ళు తెరిస్తే ఎదటి మనిషి మీద జాలేసి కొలత తప్పుతుందట.

"ఎవరి మొక్కు?"

"మా ఇంటాయన మొక్కాడండి. నా కోసం."

"పడుకో తల్లీ."

"గుళ్ళోనా?"

"దారం పట్టింది నువ్వు పడుకుని ఉన్నప్పుడేగా. ఇప్పుడు నిలబడితే ఎట్టా సరిపోద్ది?"

ఆ మాట సబబుగానే ఉంది. ఇన్నాసమ్మ రాతినేల మీద వెల్లకిలా పడుకుంటుంది. కొలతలాయన కొవ్వొత్తిని ఆమె పక్కనే పడుకోబెట్టి, మొదలు ఆమె పాదాలకు ఆనించి, అరచేత్తో పైదాకా తడుముకుంటూ వస్తాడు.

"జానెడు ఎక్కువుంది."

"మైనం పోసేటోడు కాస్త ఎక్కువ పోసుంటాడు."

"మైనం కాదమ్మా, వత్తే ఎక్కువుంది. ఇది నీ పొడుగు కాదు."

ఇన్నాసమ్మ తల పక్కకు తిప్పి చూస్తుంది. కొవ్వొత్తి ఆమె నెత్తిని దాటి ఇంకో జానెడు పైకి ఉంది. ఈ చూపు ఆమెకు కొత్త కాదు. పెళ్ళైన నాటి నుంచి ఒకే చాప మీద, పొద్దున కళ్ళు తెరిస్తే ముందు కనపడేది ఆయన గడ్డం. కళ్ళు చూడాలంటే తల ఎత్తి చూడాల్సి వచ్చేది. జానెడంత ఎత్తి చూసేది.

అప్పుడు ఆమెకు జ్వరం నాటి సంగతి ఒకటి గుర్తొస్తుంది. ఆయన దారం పట్టుకుని ఆమె పక్కనే చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. దారం ఒక కొస తన కాలివేళ్ళ మధ్యే ఇరికించుకుని, రెండో కొస తన నడినెత్తి మీదికే లాక్కుంటున్నాడు. "అదేంది?" అని ఆమె అడిగింది. "ఏం లేదు, పడుకో," అన్నాడు. ఇన్నాళ్ళూ ఆమె దాన్ని జ్వరంలో వచ్చిన కల అనుకుంది. పటం వెనక దారం ఉంది కదా అని, అది తన దారమే కదా అని, తీసుకుపోయి మైనం పోయించింది.

ఆమెకు ఒళ్ళు మండిపోతుంది. మిరపకాయలు అమ్మే బేరానికైనా ఆమెను అడక్కుండా ఒప్పుకోనివాడు ఆయన. ఇంత బేరం, ఒక్క మాట అడక్కుండా కుదుర్చుకుని పోతాడా? తన పొడుగు ఇచ్చి ఆమె పొడుగు నిలబెడతాడా? ఎవరు అడిగారు? అడిగితే ఆమె వద్దనేది కదా, అందుకే అడగలేదు దొంగసచ్చినోడు. పడుకునే ఉంది కాబట్టి కన్నీళ్ళు బుగ్గల మీదికి రావు, రెండు చెవుల్లోకీ పోతాయి. చెవుల నిండా నీళ్ళతో ఆమెకు ఆయన గొంతు, "ఏం లేదు, పడుకో," అని ఇంకోసారి వినపడుతుంది.

"ఇది నేను తీసుకోను తల్లీ," అంటాడు కొలతలాయన.

"ఎందుకని?"

"తీరిపోయిన మొక్కు. ఆ మనిషి పోయినేడే, కొవ్వొత్తికి బదులు తనే వచ్చి తీర్చి పోయాడు. ఒక మొక్కు రెండుసార్లు తీసుకుంటే పైన మాకు మాటొస్తది."

ఇన్నాసమ్మ లేచి కూర్చుంటుంది. "తీరిపోతే, మరి గుమ్మంలో ఎందుకు నిలబడ్డాడండీ?"

"లోపలికి రమ్మన్నావా?"

"ఆయన ఇంటికి ఆయన్ని నేను రమ్మనేదేంది?"

"అది ఉన్నప్పటి మాట. పోయినాక చుట్టమే గదా. చుట్టాన్ని పిలవకపోతే లోపలికి ఎట్టా వస్తాడు?"

ఇన్నాసమ్మ కొవ్వొత్తి వైపు చూస్తుంది. నిజమే. పిలవని పేరంటానికి పోయే రకం కాదు ఆయన. సొంత అన్న కూతురి పెళ్ళిలో కూడా ఎవరో వచ్చి చెయ్యి పట్టుకునేదాకా పందిరి బయటే నిలబడ్డాడు. అట్లాంటి మనిషికి మూడడుగుల దూరంలో, చీకట్లో కూర్చుని, ఏడాది పొడుగునా ఆమె బియ్యం ఏరుకుంది. ఆయన వెళ్ళిపోతాడేమోనని భయపడింది గానీ, రా అని ఒక్కసారి అనలేదు.

"నేను ఇంటికి పోవాలండి," అంటుంది. "వచ్చినంత దూరం మళ్ళా నడవాలా?"

"మొక్కు తీసుకోలేదు కాబట్టి నడక నీకు బాకీ పడ్డాం. గుడే దిగబెడుద్ది, కూర్చో."

పెద్దగుడి మెట్లు ఎత్తి పట్టుకుని బయల్దేరుతుంది. ఇన్నాసమ్మ ఇద్దరు కూర్చునే బెంచీ మీద ఒక కొసన కూర్చుని, పక్కన కొవ్వొత్తిని ఆనించి పట్టుకుంటుంది. కిటికీల అవతల పత్తిచేలు, మిరపచేలు వెనక్కి పోతాయి. పునీతులు మెడలు తిప్పి వాటిని చూస్తారు. దోవలో లారీ కనపడుతుంది. డ్రైవరు హారను కొట్టి, గుడికి పక్కకు తప్పుకుంటాడు. లారీలో తెరేజమ్మ నోరు తెరుచుకుని నిద్రపోతోంది, ఆమె మెడ చుట్టూ ఇప్పుడు ఏమీ లేదు.

పొద్దు వాలకముందే గుడి ఆమె వీధిలో ఆగి మెట్లు దించుతుంది. వీధి వీధంతా పండక్కి పోయి ఉంది, కుక్క కూడా లేదు. ఆమె ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. ఎండ గుమ్మందాకా వచ్చి అక్కడే ఆగింది.

ఇన్నాసమ్మ కొవ్వొత్తిని వాకిట్లో నిలబెడుతుంది. గోలెంలోంచి చెంబెడు నీళ్ళు ముంచి, చుట్టానికి పెట్టినట్టు దాని మొదట్లో పెడుతుంది. ఆ తరవాత ఏం మాట్లాడాలో ఆమెకు తోచదు. ఆయనతో మర్యాద మాటలు మాట్లాడి ఎరగదు.

"దయచేయండి," అంటుంది. అది ఆమె నోటికే ఎబ్బెట్టుగా ఉంటుంది. కొంగుతో మొహం తుడుచుకుని, "రా లోపలికి. కాళ్ళు పీకడం లేదా," అంటుంది.

పల్నాటి ఎండకు వంగని కొవ్వొత్తి ద్వారబంధం దగ్గరికి వచ్చి తల వంచుతుంది. నుదురు తగలకుండా, జాగ్రత్తగా, సరిగ్గా జానెడు వంచుతుంది. వంచి లోపలికి పోతుంది. ఏడాదిగా బయట ఆగిన ఎండ దాని వెనకే లోపలికొచ్చి, పొయ్యి మీద, కుండల మీద, మూలన పరిచి ఉన్న చాప మీద పడుతుంది.

కొవ్వొత్తి చాప మీద తన వైపు పడుకుంటుంది. ఇన్నాసమ్మ పొయ్యి ముందు కూర్చుని అగ్గిపుల్ల తీస్తుంది. గీయబోయి, చాప మీది మైనం వైపు చూస్తుంది. పుల్లను మళ్ళీ పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను చెయ్యి అందనంత ఎత్తున అటక మీదికి విసిరేస్తుంది. ఆ ఇంట్లో ఇక పొయ్యి వెలగదు. ఆమె అటుకులు నీళ్ళల్లో నానబెట్టి, బెల్లం చిదిమి రెండు కంచాల్లో పెడుతుంది. తన కంచం తింటుంది. రెండోది చాప దగ్గరికి జరుపుతుంది. చివరికి అదీ తనే తింటుంది.

బయట పెద్దగుడి వెళ్ళిపోదు. మెట్లు పైకెత్తి పట్టుకుని, గంటగోపురాన్ని ఆ పొట్టి ద్వారబంధం ఎత్తుకు వంచుకుని, లోపలి నుంచి ఎవరైనా రమ్మంటారేమోనని వాకిట్లో నిలబడి ఉంటుంది.