జయంతి మరిచిన మాట

"ఆ లాప్‌టాప్ వేడెక్కి పేలితే మొగం కాలుతాదేమో పాపా, కొంచెం దూరం పెట్టుకో," అన్నాను.

జయంతి నా మాట వినకుండా మూత తెరిచింది. పేలలేదు. లోపలికి మాత్రం రానివ్వలేదు. పాస్‌వర్డ్ తప్పంది. మా పిల్ల మూడు రకాలుగా కొట్టి చూసింది. మూడూ తప్పే.

నర్సింగ్ సీటుకు సర్టిఫికెట్లు పంపడానికి ఆ సాయంత్రం ఐదే గడువు. అసలు కాగితాలు చదివిన కాలేజీలోనే ఉన్నాయి. వాటి ఫోటోలేమో ఈ లాప్‌టాప్‌లో ఉన్నాయి. అప్పటికే నాలుగు దాటింది.

"సోమవారమే కదా మార్చింది? అంతలోకే మరిచిపోతివా? తలకాయలో ఏమన్నా తేడా వచ్చిందేమో, డాక్టరుకు చూపిద్దామా?"

"నా తలకాయ బాగనే ఉండాదిమా. నువ్వు కాసేపు గమ్మునుంటే ఇంకా బాగుంటాది."

ఇంతలో తెర అడుగున, మరిచిపోతే పనికొస్తుందని పాప రాసిపెట్టుకున్న గుర్తు వచ్చింది: 'నాయన చెప్పిన మాట.' అప్పుడు దానికి జ్ఞాపకం వచ్చింది. మరిచిపోలేని మాట ఒకటి చెప్పమని వాళ్ల నాయనను అడిగి, ఆయన చెప్పులేసుకుంటూ చెప్పిన మాటనే పాస్‌వర్డ్‌గా పెట్టిందట. ఆ మాటే మరిచిపోయింది.

ఆయన గొర్రెలు తోలుకొని గుట్ట వైపు పోయి ఉన్నాడు. ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తాడు. అంతసేపూ పాము కరిచిందనే అనుకున్నాను.

"ఏమయ్యా, ఆ పొద్దు పాప కంప్యూటరుకు ఏం మాట చెప్పినావు?"

"యాడికి."

"యాడికీ లేదు, ఇంట్లోనే ఉండా. ఏం మాట చెప్పినావని అడుగుతాండా."

"అదేమే, యాడికి."

"యాడికీ పోలేదంటాండా కదా. ఈడ పిల్ల సీటు పోతాంటే నా ప్రయాణం ఎందుకు నీకు?"

"నీతో నాకు కాదులే," అని పెట్టేశాడు.

ఫోన్ పక్కన పెట్టి పాప వైపు తిరిగాను. "మీ నాయనకు ఎండదెబ్బ తగిలింది పాపా. ఏమడిగినా యాడికి యాడికి అంటాండాడు."

జయంతి నన్ను అదోలా చూసింది. "మా, నువ్వు పుట్టింది యా ఊర్లో?"

"యాడికిలో," అన్నాను. అన్నాక నోరు మూసుకున్నాను.

తాడిపత్రి దగ్గరుండే యాడికి నా పుట్టిల్లు. పెళ్లయి ఇరవై రెండేళ్లయినా కూర వండిన ప్రతిసారీ మా యాడికి వంకాయల సంగతి చెప్పకుండా ఉండలేను. మరిచిపోలేని మాట అడిగితే పాపం ఆయన ఇంకేం చెబుతాడు.

పిల్ల ఇంగ్లీషులో అన్నీ చిన్న అక్షరాలతో కొట్టింది. తప్పు. మొదటి అక్షరం పెద్దది చేసింది. తెరుచుకుంది.

ఫోటోలు ఎక్కించి, పంపే బటన్ నొక్కేసరికి ఐదుకు ఆరు నిమిషాలుంది. తెర మీద సున్నా ఒకటి గిరగిరా తిరుగుతూ ఉంది.

"కరెంటు పోతాదేమో," అన్నాను.

"సిగ్నల్ పోతాదేమో."

ఆ సున్నా అట్లాగే తిరుగుతోంది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఎంతసేపని. ఆఖరికి జయంతి వెనక్కి వాలింది.

"పోయింది," అంది.

"ఏం పోయింది? సీటా?"

అది తెరను నా వైపు తిప్పింది. "అప్లికేషన్‌మా. పోయింది. చేరిందంట."