పెడల్ కింద గోనెసంచి

గేర్‌బాక్స్ మార్పించి కారు తెచ్చుకున్న మర్నాటి నుంచే, క్లచ్ ఎంత తొక్కినా గేర్లు కరకరమనేవి. మెకానిక్ వజీర్ పని చెడగొట్టాడని జూలూరుపాడులో నలుగురికి చెప్పాను. వాళ్లలో పిచ్చయ్య అది నమ్మి తన జీపును అతని షెడ్డు నుంచి తీసుకెళ్లిపోయాడు.

కారు మళ్లీ వజీర్ దగ్గరికే తెచ్చాను. అతను లోపలికి వంగి చూశాడు.

"పెడల్ కింద గిదేంది సేటూ?"

"గోనెసంచి. బురద అంటొద్దని కారు తెచ్చుకున్ననాడే పరిచిన."

"నాలుగు మడతలా! పెడల్ కిందిదాక పోకుంటే క్లచ్ ఎట్ల విడుస్తది? మిర్చి తూకంల సంచి బరువు తీసేసుడు ఎన్నడన్న మరిచినవా?"

సంచి తీసి తొక్కాను. గేరు చప్పుడు లేకుండా పడింది.

మిర్చి కొనేటప్పుడు బస్తాకింత అని తరుగు తీసేది నేనే. వజీర్ మంచిపేరులోంచి కూడా అలాగే తరుగు తీశాను.

కారును నేరుగా పిచ్చయ్య ఇంటికి తిప్పి, తప్పు నాదేనని చెప్పాను.

"నాకొక్కనికి చెప్తే సరిపోతదా?" అన్నాడు పిచ్చయ్య.

లెక్క సరైనదే. ఇంకా ముగ్గురున్నారు. కారు తిప్పాను.